కూతుళ్లు ఏ ఇల్లు దాటాలి?

ఉస్మానియా క్యాంపస్‌లో, తార్నాక అద్దెగదుల్లో ధైర్యం చేసిన కూతుళ్ల గురించి మాటొస్తే, మేం ముందుగా ఓల్గా నవల ‘స్వేచ్ఛ’ (1987) పేరే ఎత్తుతాం. అందులో అరుణ ఇల్లు దాటుతుంది. దళిత బిడ్డ లెక్క వేరు. ఆమెను వెలివేసింది ఇల్లు కాదు, ఊరు.

గోగు శ్యామల కథ ఒకటుంది. బిడ్డను జోగినిని చేయాలని పెత్తందారు పట్టుబడతాడు. తండ్రి గుట్టుగా తీసుకెళ్లి హాస్టల్లో చేర్పిస్తాడు. ఊరి కోపమంతా ఆయన మీద పడుతుంది. (ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం 1988లోనే వచ్చింది.) ఇక్కడ ఇల్లు దాటించింది నాన్న ప్రేమే.

బైబిల్లోని తప్పిపోయిన కుమారుడిని ఎం.ఎం. వినోదిని కూతురిగా మార్చి కథ రాశారు. యూనివర్సిటీకొచ్చిన దళిత క్రైస్తవ అమ్మాయి బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటిని చూసి మురిసి, తన ఇంటిని చిన్నచూపు చూస్తుంది. చివరికి అమ్మానాన్నల దగ్గరికే చేరుతుంది. మా హాస్టళ్ల అమ్మాయిలకు ఈ కూతురే దగ్గర. కులం తెలుస్తుందని ఇంటిపేరు మింగేయడం వాళ్లకు కొత్త కాదు.