బరిలో కంటే బల్ల మీదే ముప్పు

పోటీల కోసం ఇంజనీరింగ్ విద్యార్థులు తయారుచేసే పోరాట రోబోలకు మరమనిషి పోలికలేవీ ఉండవు. చక్రాల మీద నడిచే ఇనుప పెట్టె, దాని ముందు గిర్రున తిరిగే ఉక్కు బిళ్ల - చాలావరకు ఇంతే. ముంబై ఐఐటీలో 1998లో మొదలైన టెక్‌ఫెస్ట్‌కు ఈ యంత్రాల పోరు తర్వాతి కాలంలో పెద్ద ఆకర్షణ అయింది. బరి చుట్టూ దిట్టమైన పాలీకార్బొనేట్ గోడ ఉంటుంది గనుక ప్రేక్షకులకు భయం తక్కువ. ఆటకు ముందూ తర్వాతా యంత్రాన్ని చేతులతో ఎత్తి, బల్లపై విప్పే విద్యార్థులకే అసలు ముప్పు.

రెండు కిలోల బరువు, 20 సెంటీమీటర్ల వ్యాసం గల బిళ్ల నిమిషానికి 6 వేల చుట్లు తిరిగితే అందులో సుమారు 2 వేల జౌళ్ల శక్తి చేరుతుంది. 20 కిలోల రాయి 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే వెలువడే శక్తికి ఇది సమానం. మీట ఆపిన తర్వాత వేగం సగానికి తగ్గినా, నాలుగో వంతు శక్తి ఇంకా మిగిలే ఉంటుంది.

అందుకే బిళ్ల కదలకుండా లోహపు చీల దూర్చి ఉంచుతారు. బరిలో రోబోను దించి, ముందు రిమోట్‌ను, తర్వాత బ్యాటరీ లంకెను కలిపి, అన్నిటికంటే చివర చీల తీసి బయటకు రావాలి. ఆట ముగిసి బిళ్ల పూర్తిగా ఆగాక మొదట పెట్టవలసినదీ చీలే. తర్వాత లంకె ఊడదీసి, రిమోట్‌ను ఆఖరున ఆపాలి. రేడియో సంకేతం తెగితే మోటార్లు వాటంతటవే ఆగాలి. ఇది నమ్మి ఊరుకునే విషయం కాదు. చీల తీయకుండానే, చక్రాలు నేలకు తగలకుండా రోబోను దిమ్మెపై నిలిపి, రిమోట్ ఆపి చూడాలి.

లిథియం పాలిమర్ బ్యాటరీలది మరో తంటా. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటరాదు. దెబ్బ తిన్నదీ, ఉబ్బినదీ కొంతసేపటి తర్వాత కూడా అంటుకోవచ్చు. దానిని ఆరుబయట దూరంగా ఉంచాలే గాని, మర్నాటి ఆటకు పనికొస్తుందని హాస్టల్ గదిలో రాత్రంతా చార్జింగ్‌కు పెట్టడం తెలివితక్కువ పొదుపు.

ఆయుధాలు లేని పోటీలకూ జాగ్రత్త తప్పదు. 2002 నుంచి జరుగుతున్న ఆసియా-పసిఫిక్ రోబోకాన్‌కు 2008లో పుణే ఆతిథ్యమిచ్చినప్పుడు ఉట్టికొట్టే ఆట, 2022లో న్యూఢిల్లీకి వచ్చినప్పుడు లగోరి, అంటే మన ఏడు పెంకులాట, ఇతివృత్తాలయ్యాయి. నేపాల్, శ్రీలంక విద్యార్థులు కూడా పాల్గొనే ఈ పోటీలో రోబోకు ఎర్రటి అత్యవసర మీట ఉండి తీరాలి. సంపీడిత గాలి 6 బార్లు మించరాదని ఇటీవలి నిబంధన. అయితే ఆ మీట నొక్కితే విద్యుత్తు ఆగుతుంది గాని, తొట్టిలోని గాలి దానంతటది ఖాళీ కాదు. గాలి వదిలి, పీడన సూచిక సున్నా చూపిన తర్వాతే రోబో చేతిపై చెయ్యి వేయాలి.