మెదడునకు మాఱుపొర

మెదడును గప్పియుండు పొరలు మూడు. వానిలో వెలుపలిది, దళసరియైనది, డ్యూరా మేటరని వైద్యులచే పిలువబడుచున్నది. కంతిని తీయుటకో, గాయమును బాగుచేయుటకో ఆ పొరను కోసిన శస్త్రవైద్యునకు ఒక్కొక్కప్పుడు దాని యంచులను తిరిగి కలిపి కుట్టుట సాధ్యము కాదు. అప్పుడు అతుకు వేయక తప్పదు. అతుకు సరిగా నిలువనిచో మెదడు చుట్టునుండు ద్రవము కారిపోవును; క్రిములు లోన జొచ్చును; ప్రాణమునకే ముప్పు వాటిల్లును. ఈ యతుకును దేనితో చేయవలయునన్నది శాస్త్రజ్ఞుల ప్రశ్న. దానిని ఎంతకాలము కనిపెట్టి చూడవలయునన్నది ప్రజలందఱి ప్రశ్న యని మేము తలంచుచున్నాము.

జపాను దేశపు అనుభవము ఇందులకు తార్కాణము. 1969 మొదలుకొని జర్మనీలో మృతదేహములనుండి తీసిన పొరను శుద్ధిచేసి, ఎండబెట్టి, 'లయోడ్యురా' యను పేర అమ్ముచుండిరి. వైద్యులకది మిక్కిలి సౌకర్యముగ నుండెను. అయితే పెక్కుమంది మృతుల పొరలను ఒక్కచోటనే శుద్ధిచేయుటచే ఒకరి దోషము పలువురకు సంక్రమింపగల వీలు కలిగెను. 1987లో అమెరికాలో అట్టి యతుకు పొందిన యొక యువతికి క్రాయిట్స్‌ఫెల్ట్-యాకబ్ వ్యాధి సోకినట్లు వెల్లడియయ్యెను. ప్రియానులను వికృతమైన మాంసకృత్తులచే కలుగు ఈ వ్యాధికి నేటికిని చికిత్స లేదు. ఆ యేడే తయారీ పద్ధతిని మార్చిరి. కాని జపానులో ఈ పొర వాడకము నిషేధింపబడినది 1997లో మాత్రమే. ఆ దేశమున వ్యాధిపాలైనవారు నూటయేబదిమందికి మించిరి. అతుకు వేసిన సగటున పండ్రెండేండ్లకు, కొందఱికి ఇరువదియేండ్లు దాటిన పిదప, వ్యాధి బయల్పడెను. అచ్చటి చట్టము వైద్యులను రోగుల చికిత్సా పత్రములను ఐదేండ్లు మాత్రమే భద్రపఱచుమనెను! వ్యాధి కనుపించునాటికి సాక్ష్యము నశించుచుండెను.

నేడు పాలీలాక్టిక్ ఆమ్లము, పాలీగ్లైకోలిక్ ఆమ్లము మున్నగువానితో చేసిన కృత్రిమపు పొరలు వాడుకలోనికి వచ్చినవి. ఇవి శరీరములో మెల్లమెల్లగా కరగి, తుదకు బొగ్గుపులుసు వాయువుగను నీరుగను వెడలిపోవును. ఆలోపల రోగి సొంత కణజాలము ఆ తావును నింపవలయును. మృతుని వ్యాధి సోకునను భయము వీనియందు లేదు. కాని వేరు భయములు లేకపోలేదు. పొర త్వరగా కరగినచో ద్రవము కారును. ఆమ్లము ఒక్కసారిగా చేరినచో వాపు కలుగును. మచ్చకట్టి మెదడునకు అంటుకొనినను ప్రమాదమే.

అందుచే పరీక్షలు పెక్కు. పొరనుండి తీసిన సారమును సజీవకణములపై ప్రయోగింతురు. అది జన్యువులను చెఱచునేమో, దద్దురులు పుట్టించునేమో చూతురు. నీటి యొత్తిడికి పొర నిలుచునేమో కొలుతురు. జంతువుల మెదడుపై అతికి, కొన్ని వారములకును నెలలకును తీసి, సూక్ష్మదర్శినితో పరిశీలింతురు. కరగు వస్తువైనచో కరగుట ముగియువఱకు, లేక కణజాలము కుదుటబడువఱకు, ఈ పరిశీలనము సాగవలయునన్నది అంతర్జాతీయ ప్రమాణముల యాశయము.

ఇది మెచ్చదగినదే కాని చాలదు. కుందేలు ఆయుర్దాయము మానవుని ఆయుర్దాయము కాదు. అయిదేండ్లలో కనబడని కీడు పదునైదేండ్లకు కనబడవచ్చునని జపాను రోగులు తమ ప్రాణములిచ్చి లోకమునకు దెలిపిరి. అట్లని కొత్త పొరలను ఆపుమని మేము కోరుట లేదు. అతుకు లేక బాధపడు రోగి పదునైదేండ్లు వేచియుండజాలడు. మేము కోరునది వేఱు. ఏ రోగికి ఏ తయారీ పొర వేసిరో దాని గుర్తు ఆ రోగి జీవితాంతము నిలిచియుండవలయును. ఆ గుర్తు రోగి చేతికిని ఈయవలయును. అనుమతి లభించిన పిదపను ఫలితములను, మంచివైనను చెడ్డవైనను, ప్రకటింపవలయును.

మన దేశమునను 2018 నుండి వైద్యపరికరముల నియమములు అమలులో నున్నవి. నియమము కాగితమున నుండిన చాలదు. ఆసుపత్రి చిట్టాలోనికి దిగవలయును. పొర కరగిపోవచ్చును. దాని చరిత్ర మాత్రము కరగిపోరాదు.