మామూలు పాలు జున్ను ఎందుకు కావు?

రోజూ కాచే పాలు ఎంత మరిగినా గడ్డకట్టవు, ఈనిన ఆవు పాలు ఆవిరి తగలగానే జున్నెలా అవుతాయని ఓ పాఠకురాలు అడిగారు. ఈ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చున్నాను!

ఆవుపాలలో ప్రోటీను మూడు శాతం పైచిలుకు. అందులో ఐదింట నాలుగు వంతులు కేసిన్, మిగతావి తేట ప్రోటీన్లు. కేసిన్ మొండిది. దాని పోగులు ముందే వదులుగా ఉంటాయి కాబట్టి వేడి వచ్చి విప్పేదేమీ లేదు. తేట ప్రోటీన్లు అలా కాదు, బిగుతుగా చుట్టుకున్న ఉండలు. వేడి 70 డిగ్రీలు దాటాక ఆ చుట్టలు విడిపోతాయి. లోపల దాక్కున్న గంధకపు కొసలు బయటపడి పక్కదాన్ని పట్టుకుంటాయి. మామూలు పాలలో ఇవి కొద్దిగానే ఉంటాయి గనుక కేసిన్‌కే అతుక్కుని ఊరుకుంటాయి.

ముర్రుపాల లెక్క వేరు. తొలి పిండులో ప్రోటీను సుమారు 14 శాతం, అందులో సింహభాగం ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీలు. ఇన్ని చుట్టలు ఒక్కసారి విడితే గిన్నె నిండా వల అల్లుకుంటుంది, నీరు అందులోనే చిక్కుకుపోతుంది. కోడిగుడ్డు తెల్లసొన ఉడికినప్పుడు జరిగేదీ ఇదే. అందుకే వట్టి తొలి పాలతో వండితే జున్ను రబ్బరులా సాగుతుందని, మామూలు పాలు కలిపి, బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద పెడతారు. మరాఠీల ఖర్వస్, కన్నడిగుల గిణ్ణు వెనకా ఉన్నది ఈ వలే.

జున్నంటే విరిగిన పాలేనని కొందరి వాదన. శుద్ధ తప్పు! పులుపు పడి పాలు విరిగితే కేసిన్ ముద్దకట్టి తేటను వదిలేస్తుంది, అది పనీరు. జున్నులో గట్టిపడేది ఆ తేట ప్రోటీనే.

అసలీ యాంటీబాడీలు మన నాలుక కోసం రాలేదు. ఆవు మాయ గుండా అవి దూడకు చేరవు, దూడ వట్టి చేతులతో పుడుతుంది. ముర్రుపాలు కడుపు శుభ్రం చేసే మందు మాత్రమేనని చాలాకాలం అనుకున్నారు. 1922లో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ ఆ పాలు అందని దూడలు జబ్బుపడి చనిపోవడం గమనించి, అవి దూడకు రక్షణ కవచమని తేల్చారు. ఒక రోజు గడిచేసరికి దూడ పేగు యాంటీబాడీలను రక్తంలోకి రానివ్వదు. కాబట్టి ముందు దూడ తాగాలి, మిగిలితేనే మన గిన్నె.

ఇక చైనా గ్రాస్ వేసి జున్నని అమ్మేవాళ్లున్నారు. ముక్కను గిన్నెలో వేసి బాగా వేడిచేయండి. చైనా గ్రాస్ దైతే కరిగి పారుతుంది. అసలు జున్ను కరగదు, మహా అయితే అడుగంటుతుంది.