ఇల్లెవరిది? పొలమెవరిది?

"ఆడపిల్ల ఈడ పిల్ల కాదమ్మా, ఆడ పిల్ల!" ఈ మాట వినకుండా పెరిగిన వాళ్లు మనలో ఎందరుంటారు? పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ "రేపు పోయేదానివేగా" అంటారు. మెట్టినింట్లో అడుగుపెట్టగానే "ఏం తెచ్చావ్?" అంటారు. మరి ఆవిడకంటూ ఉన్న ఇల్లు ఏది? ఈ ప్రశ్నే వింతగా తోచే ఊళ్లు కూడా లోకంలో ఉన్నాయంటే మీరు నమ్ముతారా?

అక్కడ అల్లుళ్లందరూ ఇల్లరికమే!

ఇండోనేషియా దేశంలో సుమత్రా అనే పెద్ద దీవి ఉంది. దాని పడమటి కొండల్లో, మరాపి అనే అగ్నిపర్వతం చుట్టుపక్కల మినాంగ్‌కబావ్ అనే జనం ఉంటారు. వీళ్లు ముస్లింలు. వరి పండిస్తారు. పాతకాలపు ఇళ్ల పైకప్పులు గేదె కొమ్ముల్లా రెండు వైపులా పైకి లేచి, చూడముచ్చటగా ఉంటాయి. ఆ ఇంటిని 'రుమా గడాంగ్' అంటారు. అంటే పెద్ద ఇల్లు అని అర్థం. పెళ్లయిన కూతురికల్లా అందులో ఒక గది ఉంటుంది.

విశేషమేమిటంటే ఆ ఇల్లూ, తాతల నాటి పొలమూ తల్లి నుంచి కూతురికి వెళతాయి. పెళ్లయ్యాక అమ్మాయి ఎక్కడికీ వెళ్లదు. అబ్బాయే వస్తాడు. వెనకటి రోజుల్లో అయితే భర్త చీకటి పడ్డాక భార్య ఇంటికొచ్చి, తెల్లారగానే తన తల్లి ఇంటికి వెళ్లి అక్కడి పొలం పనులు చూసుకునేవాడట! మగపిల్లలు పొరుగూళ్లకు వెళ్లి సంపాదించుకు రావడం అక్కడి ఆనవాయితీ.

ఆ ఉమ్మడి పొలాన్ని అమ్మకూడదు. తాకట్టు పెట్టాలన్నా ఆచారం నాలుగే కారణాలు ఒప్పుకుంటుంది: ఇంట్లో శవం లేవాల్సి ఉన్నా, పెళ్లికెదిగిన పిల్లకు పెళ్లి చేయాలన్నా, పెద్ద ఇల్లు కురుస్తున్నా, వంశానికి పెద్దను నిలబెట్టాలన్నా... అంతే!

అలాగని అక్కడి ఆడవాళ్లందరూ మహారాణులని అనుకోకండి. ఆస్తి వాళ్లదే అయినా పెత్తనం మాత్రం మేనమామది. తమ్ముడో అన్నో పదిమందిలో మాట్లాడతాడు. సొంతంగా సంపాదించుకున్నది ఇస్లాం పద్ధతి ప్రకారం పిల్లలకు పంచుతారు. ఇప్పుడు చాలామంది చిన్న చిన్న ఇళ్లలో భార్యాభర్తలు, పిల్లలుగా విడిగానే ఉంటున్నారు. అయినా ఒక్క ధైర్యం మాత్రం ఉంది. భర్త పోయినా, వదిలేసినా ఆవిడ రోడ్డున పడదు. ఎందుకంటే ఆవిడ ఉన్నది తన ఇంట్లోనే.

ఇక బాన్సువాడకి వద్దాం

మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల నీళ్లతో మన బాన్సువాడ వైపు పచ్చగా వరి పండుతుంది. నాట్లేసేదెవరు? కలుపు తీసేదెవరు? పొలం పని లేని రోజుల్లో బీడీలు చుట్టేదెవరు? అన్నీ మనమే. కానీ పాసుబుక్కు మీద పేరెవరిది? ఒక్కసారి మీ ఇంట్లో బీరువా తీసి చూడండి.

మన దగ్గరా ఇల్లరికం ఉంది కదా అంటారేమో! ఉంది. మన వైపు ఇల్లుటం అంటాం. కాకపోతే కొడుకులు లేని ఇంట్లోనే అల్లుణ్ణి తెచ్చుకుంటాం. అప్పుడు కూడా పొలం చాలాసార్లు అల్లుడి పేరనే రాస్తాం. సుమత్రాలో అల్లుడు వచ్చినా పొలం అమ్మాయిదే. మన దగ్గర అమ్మాయి పుట్టింట్లోనే ఉన్నా పొలం అల్లుడిదవుతుంది. తేడా గమనించారా?

పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం కూడా మనకు మామూలే. నోటిమాటగానో తెల్ల కాగితం మీదనో ఇస్తారు. పదేళ్లు కౌలు గింజలొస్తాయి. తర్వాత తండ్రి పోతాడు, రికార్డు అన్న పేర మారుతుంది. గింజలు ఆగిపోతాయి. అడిగితే "నీ పెళ్లికి పెట్టలేదా?" అంటారు. రిజిస్ట్రేషన్ లేని మాట కోర్టులో నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

చట్టం ఏమంటోంది?

హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. వీలునామా రాయకుండా తండ్రి పోతే, ఆయన స్వార్జితంలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలు. కానీ పిత్రార్జితంలో మాత్రం పుట్టుకతో వచ్చే హక్కు కొడుకులకే ఉండేది.

ఆ గీతను దేశంలో మొదట చెరిపింది మన ఉమ్మడి రాష్ట్రమే! ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో చేసిన సవరణ కూతురికీ కొడుకుతో సమానంగా హక్కునిచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అయితే ఆనాటికే పెళ్లయిపోయిన వాళ్లకు వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లయినా కాకపోయినా కూతురూ కొడుకూ ఒకటే అంది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్చేసింది. అక్కర్లేదంది.

ఒక్క మెలిక. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతో గానీ కోర్టు డిక్రీతో గానీ పంపకాలు జరిగిపోతే వాటిని తిరగదోడలేం. "ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం" అంటే మాత్రం కోర్టు తేలిగ్గా ఒప్పుకోదు.

ముస్లిం సోదరీమణులకు షరియత్ ప్రకారం కొడుకు వాటాలో సగం కూతురికి వస్తుంది. క్రైస్తవులకు 1925 నాటి వారసత్వ చట్టం కింద కొడుకులకూ కూతుళ్లకూ సమానమే.

సంతకం పెట్టేముందు...

ఇన్ని చట్టాలున్నా మన వాటా ఎక్కడ పోతోంది? చాలాసార్లు మన సంతకంతోనే పోతోంది. "అన్నతో పేచీ ఎందుకు? పండక్కి పిలిచేవాళ్లుండొద్దూ!" అని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టేస్తాం. ఒక చీర, పసుపు కుంకుమ తీసుకుని వచ్చేస్తాం. వదులుకోవడం తప్పని ఎవరూ అనరు. పుట్టింటి తలుపు విలువ మనకు తెలుసు. కానీ ఏం వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలి. అన్నను అడగడానికి నోరు రాకపోతే, కనీసం మన కూతురి విషయంలో నోరు తెరుద్దాం!

ఇవి గుర్తుపెట్టుకోండి:

* తండ్రి పోయాక విరాసత్ కోసం దరఖాస్తు వెళితే అందులో కూతుళ్ల పేర్లున్నాయో లేదో తహశీల్దారు ఆఫీసులో అడగండి. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. రికార్డు అందులో చూసుకోవచ్చు.

* పసుపు కుంకుమల కింద భూమి ఇస్తుంటే అప్పుడే అమ్మాయి పేర రిజిస్ట్రేషన్ చేయించి, పాసుబుక్కు తీసుకోండి. పొలానికైతే రిజిస్ట్రేషన్ తహశీల్దారు దగ్గరే.

* చదవని కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వద్దు. "ఇల్లు చేరాక చదివించుకుని పెడతా" అనడంలో మర్యాద తప్పదు.

* తండ్రి తన స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాయవచ్చు. కాబట్టి ఆయన ఉండగానే మాట్లాడుకోవడం మేలు.

* మీ పేర ఆస్తి ఉంటే మీరూ వీలునామా రాయండి. పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే, పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది తండ్రి వారసులకు, భర్త నుంచో మామ నుంచో వచ్చింది భర్త వారసులకు వెళుతుంది. మీ మనసులో ఉన్న మనిషికి కాకపోవచ్చు.

* లాయరు ఫీజు గురించి భయం వద్దు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సహాయం ఉచితం. 15100కి ఫోన్ చేస్తే చాలు.

సుమత్రా ఆచారాన్ని మనం తెచ్చుకోలేం, తెచ్చుకోనక్కర్లేదు కూడా. మనకు చట్టం ఉంది. ఈ ఆదివారం వంట త్వరగా ముగించుకుని ఆ బీరువా తీయండి. ఇంటి కాగితం, పొలం పాసుబుక్కు, బ్యాంకు లోను కాగితం... వరసగా పేర్లు చదవండి. పక్కన అమ్మాయిని కూడా కూర్చోబెట్టుకోండి. తనకూ తెలియాలి కదా!