లెక్కకు రాని తెలుగు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1980 జనాభా లెక్కలనాటి నుండి మూడు ప్రశ్నలు వరుసగా అడుగుతున్నారు. ఇంటిలో ఆంగ్లంకాక వేరొక భాష మాట్లాడుతారా? అది ఏది? ఆంగ్లం ఎంత బాగా వచ్చును? అయిదేండ్లు నిండిన వారందరికీ ఇవి వర్తిస్తవి. కడపటి ప్రశ్నకు జవాబులు నాలుగు: చాలా బాగా, బాగా, అంత బాగా రాదు, అసలే రాదు. 2005 నుండి ఏటేటా జరిగే నమూనా గణనలోనూ ఇవే ప్రశ్నలు.

ఇది వట్టి కుతూహలం కాదు. ‘చాలా బాగా’ అనలేనివారిని ఆంగ్లం చాలనివారుగానే గణిస్తారు. 1975లో సవరించిన ఓటుహక్కు చట్టం క్రింద ఏ ప్రాంతంలో ఏ భాషలో ఓటుపత్రం ఉండవలెనో నిర్ణయించే ఆధారాలలో ఈ లెక్కలు ముఖ్యమైనవి.

2017 నాటికి అక్కడ తెలుగు ఇంటిభాషగా గలవారు నాలుగు లక్షలు దాటినారు. వారిలో చాలమంది ఇక్కడ ఇంజనీరింగు చదివి వెళ్ళినవారు. ఆంగ్లానికి కొదువ లేదు. చిక్కు వారికి ముందుతరంలోనూ, తరువాతి తరంలోనూ ఉన్నది. వైద్యుని ఎదుట అమ్మమ్మ ‘కాళ్ళు పీకుతున్నవి, గుండె దడగా ఉన్నది’ అంటుంది. దుబాసిగా కూర్చున్న మనుమనికి ఆంగ్లం చాలా బాగా వచ్చును, ‘పీకడం’ తెలియదు. పట్టికలో లోపం అమ్మమ్మదే. మనుమని లోపానికి గడి లేదు. తెలుగు ఎంత బాగా వచ్చునని ఆ గణనలో ఎవరూ అడుగరు. ఆ నాలుగవ ప్రశ్నను ఎవరి ఇంట వారే వేసికొనవలె.