అవతల పలికేదెవరు?

పశ్చిమ గోదావరి జిల్లా ఇంకా ఉమ్మడిగా ఉన్న రోజుల్లో, అక్కడి 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్, బీపీ మిషన్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. నలభై దాటినవారిని కూర్చోబెట్టి, జబ్బకు పట్టీ చుట్టి, బీపీ చూసేవారు. వయసు, పొగతాగే అలవాటు, షుగరు లాంటి వివరాలు నింపితే, గుండెపోటో పక్షవాతమో వచ్చే ముప్పు ఎంతుందో యాప్ అక్కడికక్కడే లెక్కకట్టేది. ముప్పు ఎక్కువున్నవారి వివరాలు పీహెచ్‌సీ డాక్టరుకూ చేరేవి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేపట్టిన ‘స్మార్ట్‌హెల్త్ ఇండియా’ అధ్యయనమిది. ఆ ఊళ్లలో నలభై దాటినవారు 62 వేల పైచిలుకు ఉంటే, వారిలో 8,600 మందికి పైగా ముప్పు అంచున ఉన్నట్టు తేలింది. డాక్టరూ నర్సూ కాని ఊరి మహిళలు ఇంతమందిని వెదికి పట్టుకోవడం చిన్న పనేమీ కాదు. కానీ 2019లో వెలువడిన ఫలితాల్లో అసలు ప్రశ్నకు దొరికిన జవాబు నిరాశ కలిగించింది. బీపీ అదుపులోకి వచ్చినవారి శాతంలో, యాప్ అందిన ఊళ్లకూ ఇంకా అందని ఊళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇది చూసి యాప్‌లే దండగ అనుకుంటే తొందరపాటే. ట్యాబ్ తన పని తాను చేసింది, ఆశా కార్యకర్త కూడా చేసింది. బీపీని దించాల్సింది మాత్ర. ఆ మాత్ర మనిషి నోటికి చేరాలంటే, కూలి పోగొట్టుకుని పీహెచ్‌సీకి వెళ్లాలి, వెళ్లిన రోజు డాక్టరుండాలి, చేతికిచ్చే మందు నెలకు సరిపోవాలి. ఒంట్లో ఏ నొప్పీ లేకపోయినా వచ్చే నెల మళ్లీ అదే దారి పట్టాలి. ఇన్ని మెట్లలో యాప్ ఎక్కించింది మొదటి మెట్టు మాత్రమే. ఆరోగ్య సేవల్లో మొబైల్‌ని కలపడం గురించి మాట్లాడుతున్నప్పుడు ఎన్ని లక్షల మంది డౌన్‌లోడ్ చేసుకున్నారు, ఎన్ని వివరాలు ఎక్కాయి అనే లెక్కలే ముందుకొస్తాయి. నా దృష్టిలో ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీట నొక్కాక అవతల పలికేదెవరు, వాళ్ల దగ్గర ఇవ్వడానికి ఏముంది?

దీనికి కెన్యాలో చక్కటి జవాబు దొరికింది. హెచ్ఐవీ మందులు కొత్తగా మొదలుపెట్టిన 538 మందిపై అక్కడ ‘వెల్‌టెల్’ అనే ప్రయోగం జరిగింది. సగం మందికి వారానికోసారి క్లినిక్ నుంచి స్వాహిలీలో ‘మాంబో?’ అని ఒక్క మాట ఎస్ఎంఎస్‌గా వెళ్లేది. ఎలా ఉన్నారని పలకరింపు, అంతే. 48 గంటల్లోగా ‘సావా’, అంటే బాగున్నానని గానీ, ‘షీదా’, అంటే ఇబ్బందిగా ఉందని గానీ తిరిగి రాయాలి. షీదా అన్నవాళ్లకూ అసలు పలకనివాళ్లకూ క్లినిక్ సిబ్బంది ఫోన్ చేసేవారు. 2010లో లాన్సెట్ ప్రచురించిన ఫలితాల ప్రకారం మందులు సరిగా వాడినవారు పలకరింపు అందినవారిలో 62 శాతం, అందనివారిలో 50 శాతం. రక్తంలో వైరస్ అణగినవారు వరసగా 57, 48 శాతం. అక్కడ స్మార్ట్‌ఫోన్ లేదు, రంగుల తెర లేదు. ‘షీదా’ అంటే వినే మనిషి ఉన్నారు, క్లినిక్‌లో మందు ఉంది. ట్యాబ్ కంటే ఎస్ఎంఎస్ గొప్పదని ఇందులో తేలలేదు. రెండు దేశాలు, రెండు జబ్బులు, కొలతలూ వేరు. ఫోన్ అవతలి ఏర్పాటు ఎంత బలంగా ఉంటే ఫోన్ అంత పనికొస్తుందని మాత్రం ధైర్యంగా అనొచ్చు.

మన దేశంలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. 2017 చివర్లో తెలంగాణ సహా అయిదు రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ముందుగా మందుల సంగతి తేల్చుకుంది. ఏ మాత్రతో మొదలుపెట్టాలి, తగ్గకపోతే తర్వాత ఏది అని రాష్ట్రానికొక సులువైన పద్ధతి రాసుకుని, ఆ కొద్దిపాటి మందులూ ఆస్పత్రిలో నిండుకోకుండా చూడటం మీద దృష్టి పెట్టింది. పంజాబ్, మహారాష్ట్రల్లో వాడిన ‘సింపుల్’ యాప్ ఆ తర్వాతే వస్తుంది. రోగి చేతిలో క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు ఉంటుంది. నర్సు దాన్ని స్కాన్ చేసి, ఆ రోజు బీపీ, ఇచ్చిన మందు నమోదు చేస్తే చాలు. గడువు దాటినా రానివారి జాబితాను యాపే తయారుచేసి ఇస్తుంది, నర్సు వారికి ఫోన్ చేస్తుంది. అంటే, నమోదు చేసిన చెయ్యికే ఆ నమోదు తిరిగి ఉపయోగపడుతోంది.

చాలా యాప్‌ల్లో కొరవడింది ఇదే. వివరాలు పైకి వెళ్తాయి, కిందికి ఏమీ రాదు. యాప్‌లో ఎక్కించిందే మళ్లీ రిజిస్టరులోనూ రాయాలంటే, ఆశా కార్యకర్తకైనా ఏఎన్ఎంకైనా గర్భిణి దగ్గర కూర్చోవాల్సిన సమయం సర్వర్ కోసం ఎదురుచూడటంలో కరిగిపోతుంది. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు నాసిరకం ఫోన్లనూ, మరాఠీ లేని యాప్‌నూ భరించలేక ప్రభుత్వమిచ్చిన ఫోన్లను వెనక్కిచ్చేశారు. వివరాలే లేకపోతే ప్రణాళిక ఎలా అని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ వివరాల నాణ్యత వాటిని ఎక్కించే మనిషి ఓపిక మీద ఆధారపడింది. కొత్త యాప్ వచ్చిన రోజే పాత రిజిస్టరు ఒకటి మూసేయాలన్న నియమం పెడితే అధికారులకూ మేలే.

మరి డాక్టర్లే లేనిచోట ఫోనే కదా దిక్కు అనేవారున్నారు. నిజమే. 2019లో మొదలైన ప్రభుత్వ టెలివైద్య సేవ ఈ-సంజీవని ఎందరికో దూరాన్ని తగ్గించింది. దాన్ని విస్తారంగా వాడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. కానీ అందులోనూ పల్లెలో రోగి పక్కన కూర్చుని బీపీ చూసి, డాక్టరుతో మాట్లాడించి, మందు చేతికిచ్చే ఆరోగ్య కార్యకర్త ఉండటం ముఖ్యం. ఆమె బీరువాలో మందు లేకపోతే, తెర మీద డాక్టరు రాసిన చీటీ పట్టుకుని రోగి మళ్లీ పట్నం బస్సెక్కాల్సిందే.

ఆమెను కూడా పక్కనపెట్టి యాప్‌ని నేరుగా రోగికే అప్పగిద్దామంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అంకెలు అడ్డొస్తాయి. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, పురుషులు 48.8. తెలంగాణలో 26.5, 57.9. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, అంకెలూ మారే ఉంటాయి. అయినా చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కరిది కాదు. భార్యకు రావాల్సిన కబురు భర్త చూస్తాడు, అత్తగారి పరీక్ష ఫలితం మనవడు చదువుతాడు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది గానీ, ఇంటి గడప లోపలి ఈ గుట్టును కాపాడటం దాని చేతిలో లేదు. అది యాప్ తయారుచేసేవారి చేతిలో ఉంది. కెన్యాలో పంపిన ఆ ఒక్క మాటలో రోగం పేరు లేదు, మందు పేరు లేదు. ఆ ఫోన్ ఇంట్లో ఎవరు తీసి చూసినా కనిపించేది కుశల ప్రశ్నే.