దుప్పటి వేడి పుట్టించదు

ఐసు గడ్డను ఊకలో పెడితే త్వరగా కరగదు. చలికి దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది. మరి ఊక చల్లదనాన్ని ఇస్తుందా? దుప్పటి వేడి పుట్టిస్తుందా? రెండూ కాదు.

వేడి ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుంది. ఊకలో, దూదిలో, ఉన్నిలో సందుసందునా గాలి నిలిచి ఉంటుంది. కదలని గాలి వేడిని తొందరగా పోనివ్వదు. అందుకే ఊక బయటి వేడిని ఐసు దగ్గరికి రానివ్వదు. దుప్పటి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. రెండూ చేసే పని ఒక్కటే. వేడికి అడ్డు నిలవడం.

ఇప్పుడు జ్వరం సంగతి చూద్దాం. జ్వరం వచ్చిన బిడ్డ ఒళ్లు కాలిపోతుంటుంది. ఆ వేడి బయటికి పోవాలి. "చెమట పడితే జ్వరం దిగుతుంది" అని రెండు మూడు దుప్పట్లు కప్పుతారు. అది వేడికి తలుపు మూసినట్టే. పల్చని నూలు బట్ట వెయ్యాలి. గాలి ఆడనివ్వాలి. బిడ్డ వణికితే పల్చటి దుప్పటి ఒక్కటి చాలు. వణుకు తగ్గగానే తీసెయ్యాలి. పాలు తాగే బిడ్డకు మాటిమాటికీ పాలివ్వాలి. పెద్ద పిల్లలకు నీళ్లు, గంజి తాగించాలి.

జ్వరం చూసేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుండాలి. థర్మామీటరు కొన చంకలో చర్మానికి తగలాలి. మధ్యలో చొక్కా అడ్డం వస్తే ఉన్న జ్వరం కన్నా తక్కువ చూపిస్తుంది. "జ్వరం లేదులే" అని ఊరుకుంటే బిడ్డకే ముప్పు. చంకలో చెమట తుడవాలి. చెయ్యి ఒంటికి ఆనించి ఉంచాలి. థర్మామీటరు కూత పెట్టేదాకా తియ్యకూడదు. బాగా చుట్టి ఉంచిన బిడ్డకు ఎక్కువ చూపించవచ్చు. చుట్టిన బట్టలు వదులు చేసి, కాసేపు ఆగి మళ్లీ చూడాలి.

అప్పుడే పుట్టిన బిడ్డ సంగతి వేరు. ఆ చిన్న ఒంట్లో వేడి త్వరగా పోతుంది. తల్లి గుండెకు హత్తుకోవాలి. తలకు టోపీ పెట్టాలి. పొడి బట్ట కప్పాలి.

రెండు నెలలు నిండని బిడ్డకు చంకలో 99.5 డిగ్రీలు గాని, అంతకు మించి గాని ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒళ్లు చల్లబడినా అంతే. ఏ వయసు బిడ్డయినా ఫిట్సు వచ్చినా, పాలు, నీళ్లు తాగలేకపోయినా ఆలస్యం చెయ్యకూడదు.